చేతి చలవ

రాయగడ స్టేషనుకి ఎదురుగా సూర్యకాంతమ్మ హోటల్లో జల్లిగరిటె ఒకటి ఉండేది గానీ, అది మేకుకి వేలాడ్డమే తప్ప ఏడాదిగా మూకుట్లోకి దిగి ఎరగదు. నూనె సలసల కాగుతూ ఉంటే మల్లేశు తన ఎడంచేతి వేళ్లు రెండు ముంచి, వేగిన గారెని చటుక్కున అందుకుని పళ్లెంలో పడేసేవాడు. మొహంలో ఒక్క ముడత పడేది కాదు. రైలు దిగినవాళ్లు గారె తినడానికి కొందరు వస్తే, గారె తియ్యడం చూడ్డానికి పదిమంది వచ్చేవారు.

చూసింది చూసినట్టు చెబితే చెప్పేవాడికి మజా ఏముంటుంది? రాయపూరు పాసింజరు డ్రైవరు ఒకసారి బీడీకి నిప్పు అడిగితే మల్లేశు ఇంజను పొయ్యిలో చెయ్యి పెట్టి ఒక బొగ్గు తీసి ఇచ్చేడని మొదలైంది. ఆ మాట పార్వతీపురం చేరేసరికి రెండు బొగ్గులయ్యేయి. విజయనగరం చేరేసరికి, మల్లేశు ఆ బొగ్గుల్ని దోసిట్లో పెట్టుకుని గుణుపురం దాకా నడిచి, అత్తవారింట్లో పొయ్యి వెలిగించి, వాటినే మళ్లీ తెచ్చి ఇంజన్లో వేసేడనీ, అంతసేపూ రైలు ఆయన కోసం ఆగే ఉందనీ అయింది. విజయనగరం దాటేక ఏమైందో మనకి తెలీదు. బంగాళాఖాతం అడ్డం లేకపోతే ఇంకా వెళ్లేదే.

ఇన్ని కోతల మధ్య నిజం ఒక్కటే. మల్లేశుకి ఆ చెయ్యి తన ఒంటికి ఉన్నట్టే తెలీదు.

రెండేళ్ల కిందట మోచేతి కింద రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ కనిపించింది. గజ్జేమో అనుకుని వేపాకు రాసేడు. తరవాత చిటికెన వేలు మొద్దుబారింది. తరవాత దాని పక్కది. ఒక రోజు పెనం అంచుకి చెయ్యి ఆనుకుని ఉంటే, వాసన వచ్చేక గానీ కాలుతున్నది తనేనని తెలీలేదు. ఆ రోజు నించే అతను గారెలు చేత్తో తియ్యడం మొదలెట్టేడు. బొబ్బలెక్కితే, "సూసేరా నా తమాషా" అని చూపించుకోవచ్చు. మచ్చ కనపడకుండా మోచేతికి నల్లతాడూ, రాగి కడియం, దాని మీద పసుపు గుడ్డా కట్టేడు. అదేదో మంత్రం తాయెత్తు అనుకున్నారు జనం. అనుకోనిచ్చేడు.

మల్లేశు చిన్నప్పుడు వాళ్ల పెదనాన్నకి ఇదే వచ్చింది. గుణుపురంలో వంశధార ఒడ్డున తాటాకుల పాక వేసి అందులో పెట్టేరు. కూడు కుండ పది గజాల దూరంలో దింపి, వెదురు కర్రతో తోసేవారు. కర్ర కొనకి కుండ తిరగబడితే ఆ పూటకి అంతే. పెదనాన్న చచ్చిపోయినట్టు ఊరికి తెలిసింది కుండ మూడు రోజులు కదలకపోతే. అందుకని మల్లేశుకి ఈ లోకంలో భయం ఒక్కటే, సంగతి బైటపడ్డం. పన్నెండేళ్లకి కడుపు పండి కుంతి కిందటి కార్తీకంలో ఆడపిల్లని కంది. కస్తూరి అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లని మల్లేశు ఇంతవరకూ ఎత్తుకోలేదు.

ఇలా ఉండగా మన్మథరావు దిగేడు.

జేకేపూరులో కాగితాల మిల్లుకి పునాదులు తవ్వుతున్న ఏడాది అది. మన్మథరావు ఈ ఊరివాడే. మేనమామ జయపురం ఎస్టేటులో అమీనుగా చేసి రాయగడలో ఇల్లు కట్టుకున్నాడు. మేనల్లుడు వాల్తేరులో లెక్కల్లో పెద్ద చదువు చదివి, ఇప్పుడు డాక్టరేటుకి పరిశోధన చేస్తున్నాడు. లెక్కల్లో డాక్టరవుతాడని తెలిసి ఊరివాళ్లు రెండు రోజులు అతని చేత నాడి చూపించుకున్నారు. అతను కాదనలేదు, చూసేడు కూడా.

వచ్చేటప్పుడు ఒక కొయ్యపెట్టె తెచ్చి, స్టేషను ప్లాట్‌ఫారం మీద బల్ల వేసి దాని మీద పెట్టేడు. పెట్టెకి అద్దం మూత, అద్దం కింద గడియారం ముల్లులాటి సన్నని ముల్లు. పెట్టెలోంచి రెండు తీగలు, తీగల చివర సూది. ఆ సూదిని మనిషి చేతిలోకి గుచ్చితే లోపల ఎంత వేడి ఉందో ముల్లు చెబుతుంది. వేలెడు లోతుకి ఒక లెక్క, అరవేలికి ఒక లెక్క, చర్మం మీద ఒక లెక్క. గుచ్చించుకున్నవాడు అరగంట కదలకూడదు. అక్కడే వచ్చింది చిక్కు. ఎలుగుబంటిని గుద్ది చంపేనని చెప్పుకునే, పట్టాల పని చేసే గాంగుమాను లక్ష్మణుడు, సూది చర్మానికి తగలకముందే ప్లాట్‌ఫారం అవతలికి పోయి పడ్డాడు. మరో అయిదుగురు కూచున్నారు గానీ, మూలుగుతూ, మెలికలు తిరుగుతూ, ముల్లుని గంతులు వేయించేరు.

ఓ మధ్యాహ్నం మన్మథరావు హోటలుకొచ్చి, మల్లేశు గారె తీసే తీరు చూసి, తింటున్న గారె ఆకులో వదిలేసి లేచేడు.

"పిన్నిగారూ, ఈ మనిషి చెయ్యి నాకు కావాలి."

"చెయ్యొక్కటే అయితే ఎలా ఇస్తాన్రా?" అంది సూర్యకాంతమ్మ. "మనిషితో కలిపి మూడింటి నించి అయిదింటి దాకా వాడుకో. బేరం వేళకి నా చెయ్యి నాకు పంపించు."

మల్లేశు ఎడంచెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నాకు పన్లున్నాయి బావూ" అన్నాడు.

"ఓరి నీ దుంపతెగ, నీకూ బయఁవేనా?" అని పక్క బల్ల మీంచి లక్ష్మణుడు పకపకా నవ్వేడు. "ఇంజన్లో సెయ్యెట్టినోడు సూదికి జడిసేడ్రోయ్!"

హోటలంతా నవ్వింది. కోత పెద్దదయిన కొద్దీ తను భద్రంగా ఉంటున్నాడని మల్లేశుకి తెలుసు. అది చిన్నదైపోతే జనం దగ్గరగా చూస్తారు. వెళ్లి కూచున్నాడు.

మన్మథరావు మంచివాడు. గుచ్చేముందు అన్నీ విడమరచి చెప్పేవాడు.

"చూడు మల్లేశూ, మాంసం అంటే మడి అనుకో. వేడి అంటే నీరు. పక్క మడిలోంచి గట్టు కింద నించి కొంత ఊరుతుంది కదా, అది ఒక లెక్క. కాలవలోంచి వచ్చి పడేది ఇంకో లెక్క. కాలవంటే నెత్తురు. ఊరే నీటికి తెల్లవాళ్లు ఏనాడో సూత్రం కట్టేసేరు. కాలవ నీటికి నేను కట్టేను. కాగితం మీద కుదిరింది. మాంసంలో కుదురుతుందో లేదో తేల్చుకు రమ్మన్నారు మా గురువుగారు."

"కాలవ ఎండిపోతే బావూ?"

"ఎండిపోయిన కాలవ పక్క మడి ఒకటి దొరికితే నాకు పండగే! పారే మడినీ, ఎండిన మడినీ పక్కపక్కన పెట్టి, ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే కాలవ తెచ్చిన నీరెంతో తేలిపోతుంది. కానీ బతికున్నవాడి ఒంట్లో అలాటి మడి ఎక్కడ దొరుకుతుంది?" అని నవ్వేడు మన్మథరావు.

మల్లేశు నవ్వలేదు. తాయెత్తు విప్పనని పట్టుబట్టి, దాని కింద గుచ్చించుకున్నాడు.

ముల్లు కదలకుండా నిలబడింది. మన్మథరావు మూడుసార్లు కళ్లద్దాలు తుడుచుకుని చూసి, చుట్టూ మూగిన జనం వినేటట్టు గట్టిగా చదివేడు. "అందరి చేతుల కంటే ఈ చెయ్యి మూడు డిగ్రీలు చల్లగా ఉంది!"

సూర్యకాంతమ్మ రెండు చేతులూ చెంపల మీద వేసుకుంది. "చల్లగా ఉండదూ మరి! చేతి చలవంటే ఏవిటనుకున్నార్రా? వీడు నా పొయ్యి దగ్గర కాలుపెట్టిన నాటి నించే నా హోటలు ఇంతయింది. నేనెప్పుడో అన్నాను, వీడి చేతి చలవేనని. ఇప్పుడు మిషనే చెప్పింది!"

అదే మాట పట్టుకుంది ఊరు. ఇన్నాళ్లూ ఫలానావారి చేతి చలవ అని మాటవరసకి అనుకోవడమే తప్ప, దాన్ని డిగ్రీల్లో కొలిచినవాడు లేడు. మర్నాడు పొద్దున్నే హోటలు వెనక గుమ్మంలో ఒక తల్లి నిలబడింది, చంకలో పిల్లాడు ఎర్రగా కాలిపోతూ.

"మల్లేశన్నా, మూడ్రోజుల్నించి జొరం దిగనేదు. ఒక్కసారి నెత్తి మీద సెయ్యెట్టవా?"

"పెట్టను. పోయి ఆసుపత్రిలో సూపించుకో."

"ఏట్రా నీ గీర?" అని వెనక నించి సూర్యకాంతమ్మ వచ్చి, అతని ఎడంచెయ్యి పట్టుకుని పిల్లాడి నుదుటి మీద పెట్టింది.

సాయంత్రానికి ఆ జ్వరం దిగింది. దిగే జ్వరమే అది. ఇంకేముంది, వారం తిరిగేసరికి పదిమంది, పక్షానికి వరస. కొందరికి దిగేది, కొందరికి దిగేది కాదు. దిగినవాళ్లు ఊరంతా చాటేరు. దిగనివాళ్లు అది తమ పాపమేననుకుని నోరు మూసుకున్నారు. మల్లేశు ఒక్కో పసివాడి తల ముట్టుకుని, ఇంటికెళ్లి సబ్బురాయితో చెయ్యి తోముకునేవాడు. తోమితే తోలు లేచిపోతున్నా తెలిసేది కాదు.

కుంతి గుమ్మంలో నిలబడి చూసేది. "ఊరందరి గుంటల్నీ నిమురుతావు. నా గుంట ఏటి పాపం సేసినాది? నీకు పుట్టనేదా?"

"జలుబుగా ఉందే నాకు."

"అది పుట్టిన కాడ్నించీ జలుబేనా?"

మూడో వారంలో మన్మథరావు కొత్త పద్ధతి మొదలెట్టేడు. బేసినులో నాగావళి నీళ్లు పోసి, అందులో చెయ్యి ఇరవై నిమిషాలు ముంచి తీసి, మళ్లీ వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో చూడ్డం. అందరి చేతులూ పావుగంటలో మామూలయ్యేయి. మల్లేశు కుడిచెయ్యీ అంతే. ఎడంచెయ్యి గంటన్నర పట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లు విసిగి లేచిపోయేక, మన్మథరావు లెక్క మరోసారి సరిచూసుకుని పెన్సిలు కింద పెట్టేడు.

"అదుగో మల్లేశూ, గూడ్సు. డబ్బాలెన్నో లెక్కపెట్టు."

మల్లేశు నలభై రెండు దాకా లెక్కపెట్టి ఇటు తిరిగేడు. ఎడంచేతి మీద నాలుగు గుండుసూదులు వరసగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. తాయెత్తు విప్పేసి బల్ల మీద ఉంది.

"ఎన్నాళ్ల నించి?" అన్నాడు మన్మథరావు మెల్లిగా.

మల్లేశు బల్ల కిందకి జారి అతని కాళ్లు పట్టుకున్నాడు. "బావూ, సెప్పకండి. ఎవరికీ సెప్పకండి. ఊరవతల పాకేసి కుండ తోస్తారు. నా ఆడది పిల్లనెత్తుకుని పోతాది. ఒట్టెయ్యండి బావూ."

మన్మథరావు నోటుబుక్కు మీద అరచెయ్యి ఆనించేడు. "సరస్వతి మీద ఒట్టు. ఎవరికీ చెప్పను. లే, లే." అతని కళ్లు మెరుస్తున్నాయి. అంత సంతోషంగా ఒట్టు వేసే మనిషిని మల్లేశు ఎక్కడా చూడలేదు. "ఎండిన మడి, మల్లేశూ! పక్కనే పారే మడి కూడా నీదే. ఒకే మనిషిలో రెండూ! రేపటి నించి రెండు చేతులూ కొలుద్దాం."

రెండు చేతులూ కొలిచేరు. ఎడంచేతికి రోజుకి ఆరుపోట్లు, కుడిచేతికి ఆరు. కుడిచెయ్యి మామూలు చెయ్యే కదా. మల్లేశు పళ్లు బిగించి, చెమటలు కారుస్తూ కూచునేవాడు. చూసేవాళ్లు మాత్రం, ఎడంవైపున్న దేవుడు అప్పుడప్పుడు కుడివైపుకి రాడు గావును అనుకున్నారు.

శ్రావణంలో కస్తూరికి జ్వరం వచ్చింది.

మధ్యాహ్నం బేరం అయ్యేక మల్లేశు ఇంటికొచ్చి, రెండు ముద్దలు తిని చాప మీద ఒరిగేడు. పసిపిల్ల ఊఁ ఊఁ అంటున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. కళ్లు తెరిస్తే పక్కనే కస్తూరి. దాని నెత్తి మీద అతని ఎడంచెయ్యి. కుంతి ఆ చెయ్యి జారిపోకుండా పైనించి తన చేత్తో అదిమి పట్టుకుని కూచుంది. ఎంతసేపటి నించి అలా ఉందో ఆ చేతికి తెలిస్తే కదా, అతనికి చెప్పడానికి!

లాక్కున్నాడు. పిల్ల దొర్లి కేరుమంది.

"దానికి దూరంగా ఉంచు! ఇది సలవ కాదే. రోగం. పెద్దరోగం నాకు!"

కుంతి అతని మొహంలోకి చూసి నవ్వింది. "ముట్టుకోడం ఇష్టం నేకపోతే ఆ మాటే సెప్పు. పెద్దరోగమున్నోడి సేతి గారెలు రాయగడంతా లొట్టలేసుకుని తింటన్నాదా?"

"నిజమే సెప్తన్నాను. ఇదుగో సూడు, గిల్లు. తెలీదు నాకు."

"తెలీదని నోకమంతా సెప్పుకుంటన్నాదిగా. కొత్తగా నాకు సెప్తావేటి?"

హోటలుకి పరిగెత్తి సూర్యకాంతమ్మకి చెప్పేడు. ఆవిడ చీపురు తిరగేసింది. "తెలుసురా, జేకేపూరు మిల్లు కాంటీనువాళ్లు నిన్ను లాగుతున్నారు. పోవాలంటే పో. కుష్ఠూ గిష్ఠూ అంటూ నా హోటలు మీద మన్ను పొయ్యకు!"

చెప్పకుండా దాచినన్నాళ్లు ప్రాణాలు అరచేత పెట్టుకుని దాచేడు. ఇప్పుడు చెబుతానంటే కొనేవాడు లేడు.

ఆసుపత్రికి వెళ్లేడు. డాక్టరు దూదిపోగుతో అక్కడా ఇక్కడా రాసి, మోచేతి దగ్గర నరం తడిమి, ఇంగ్లీషులో ఒక కాగితం రాసి, ఎర్రసీలు వేసి ఇచ్చేడు. కొరాపుట్టు రోడ్డులో ఈ రోగులకి ఆశ్రమం ఉంది, అక్కడ చేరమన్నాడు. "మాత్రలున్నాయి. పోయిన స్పర్శ రాదు గానీ ఉన్నది నిలబడుతుంది. ఇంకా ముందే రావలసింది. పసిపిల్ల ఉన్న ఇంట్లో మాత్రం ఇక ఉండకు."

ఆ కాగితం తెచ్చి కుంతికి ఇచ్చేడు. కుంతికి చదువు రాదు. సీలు చూసి మురిసిపోయింది. "గవర్నమెంటోల్లు కూడా రాసిచ్చీసేరా నీ సేతికి!" అని నాలుగు మూలలా పసుపు రాసింది.

మల్లేశుకి దిక్కు తోచలేదు. ఆలినీ కాగితాన్నీ వెంటబెట్టుకుని అమీనుగారింటి అరుగు దగ్గరికి వెళ్లేడు. మన్మథరావు అరుగు మీదే గళ్ల కాగితం పరుచుకుని గీతలు గీస్తున్నాడు.

"బావూ, ఇందులో ఏటుందో దీనికి సదివి సెప్పండి."

మన్మథరావు మొదటి నించి చివరి దాకా చదివేడు. మళ్లీ ఒకసారి చదివేడు. తెలిసి కూడా ఈ చేతిని రెండు నెలలు పసివాళ్ల నెత్తి మీదా, ఊరి పిండిలోనూ తిరగనిచ్చేవేమని ఎవరైనా అడుగుతారని అతనికి అప్పుడు తట్టి ఉంటుంది.

"చెయ్యి గురించే రాసేరమ్మా" అన్నాడు కుంతితో. "చల్లగా ఉంటుందనీ, నొప్పి తెలీదనీ."

అబద్ధం ఒక్క అక్షరం లేదు అందులో. కుంతి కాగితం కళ్లకద్దుకుని, పిల్లని చంకకెత్తుకుని, వీధిలో కనిపించినవాళ్లకల్లా చెప్పుకుంటూ వెళ్లిపోయింది.

మల్లేశు అక్కడే నిలబడ్డాడు. "ఆ ఒక్క మాటా సెప్పలేదేటి బావూ?"

"ఒట్టేయించుకున్నది నువ్వే కదా మల్లేశూ?"

"నానే తీసేస్తన్నాను. సెప్పండి."

"సరస్వతి మీద వేసిన ఒట్టు నువ్వు తీస్తే పోతుందా?"

"మాత్రలున్నాయట కద బావూ?"

"ఉన్నాయి."

"మీకు తెలుసా?"

"తెలుసు." మన్మథరావు గళ్ల కాగితం వైపు చూసేడు. "మాత్రలు మొదలెడితే చెయ్యి మారిపోవచ్చు. ఇంకా పన్నెండు రీడింగులు మిగిలేయి. రేపు మూడింటికి రా, బేసినులో నీళ్లు పోయించి ఉంచుతాను."

మర్నాడు పొద్దున్న కొరాపుట్టు బస్సు కదలబోతూ ఉంటే మల్లేశు ఎక్కేడు. కుంతి పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టుకున్న కాగితం కూడా తీసుకొచ్చేడు. కుంతి ఎలా పసిగట్టిందో పిల్లనెత్తుకుని బస్‌స్టాండుకి పరిగెత్తుకొచ్చింది. వెనకాల సూర్యకాంతమ్మ, లక్ష్మణుడు, జ్వరాల పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు నలుగురు.

"ఎల్తే ఎల్దువు గాని, దీన్ని ఒక్కసారి ముట్టుకుని ఎల్లు!" అని కుంతి కిటికీ కిందకి వచ్చి కస్తూరిని పైకెత్తింది.

మల్లేశు రెండు చేతులూ ఒళ్లో దాచుకున్నాడు.

"నీ గుండె రాయయ్యా!" అని ఏడుస్తూ కుంతి వెనక్కి తగ్గింది.

కండక్టరు కుందుర అనే ఊరివాడు. సగం ఒడియా, సగం తెలుగు. ఎక్కడికని అడిగితే మల్లేశు ఆశ్రమం పేరు చెప్పి, కాగితం చూపించేడు. కండక్టరు అక్షరాలు చదవలేదు. మూలనున్న ఎర్రసీలు చూసేడు. అలాటివి అతను నెలకి రెండు చూస్తాడు. కాగితం కింద పడేసి, చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

"దిగు. దిగు ముందు. బండిలో ఆడోళ్లున్నారు, పిల్లలున్నారు."

"ఎందుకు బావూ?"

"పెద్దరోగం పెట్టుకుని ఎందుకంటావేటి?"

మల్లేశు మొహం విప్పారింది. ఇంత పెద్ద ఊళ్లో ఆ మాట నలుగురిలో అన్న మొదటి మనిషి ఎదురుగా నిలబడి తిడుతున్నాడు. కాగితం ఏరుకుని బస్సు మెట్టు మీద ఆగేడు.

"బావూ, అదుగో, ఆ ఎర్రకోక మా ఇంటిది. సంకలో నా గుంట ఉంది. ఇంజను సప్పుడుకి దానికి ఇనబడ్డం నేదు. ఆ మాట కొంచెం గట్టిగా సెప్పు."

పిచ్చివాడనుకున్నాడు కండక్టరు. అయినా అరవడం అతనికి అలవాటైన పనే.

"పెద్దరోగమమ్మా ఈడికి! సర్కారు కాగితం ఉంది! తప్పుకోండి, తప్పుకోండి!"

 కుంతి పిల్ల తల మీద కొంగు కప్పి రెండడుగులు వెనక్కి వేసింది. ఇంకో రెండు. తరవాత తిరిగి చూడకుండా పరుగు. సూర్యకాంతమ్మ ఉన్నచోటే కూలబడి వాంతి చేసుకుంది. తల్లులు నలుగురూ పిల్లల నెత్తులు కొంగులతో తుడిచిందే తుడుస్తున్నారు.

మొదటి రాయి లక్ష్మణుడిదే. అది మల్లేశు ఎడంచేతికి తగిలింది. వేళ్ల చివర నించి నెత్తురు కారుతుంటే చూసి తెలుసుకున్నాడు. రెండోది వీపుకి తగిలింది, దానికి మాత్రం అబ్బా అన్నాడు.

కాగితం కుడిచేత్తో పట్టుకుని కొరాపుట్టు రోడ్డెక్కేడు. వెనక నించి బస్సు హారను కొడుతూ వస్తే, పక్కకి ఒదిగి దారిచ్చేడు.